కవరు వరకే

నల్లగొండల ఏఆర్ గేటుకెదురుంగ
రేకుల కింద నా మిషిను.
నెలకోపారి స్టోరు జానయ్య
టీవీఎస్ ముందట గోనెసంచి పెట్టుకొని వస్తడు.
"అండాలక్కా, కవరు వరకే.
లోపలి ప్యాకెట్టు ముట్టకు."

కవరు వరకే అంటే
చర్రుమనుడు మరిచిన వెల్క్రో,
భుజం కాడ నారలు నారలైన పట్టీ,
చంకల కింద తెల్లగ ఉప్పుగీతలు,
ఎండకాలం నీళ్లు దిగినకొద్దీ
చెర్వు ఒడ్డుకు పడే వరుసల్లెక్క.
ఒక్కో ఏడుకు ఒక్కో గీత.
ఈ జాకెట్టుకు లెక్కపెడితే ఏడు.

దాని లోపలి కుట్టు దానంతటదే విడిచింది.
కాదు, నేనే విడిచిన. అబద్ధమెందుకు.

మాది గట్టుప్పల.
బడికంటె ముందు మగ్గం గుంతల కాళ్లు పెట్టినదాన్ని.
పడుగేదో పేకేదో
చీకట్ల గూడ నా బొటనవేలికి ఎరుక.
లోపట పసుప్పచ్చ బట్ట, పొర మీద పొర,
పెట్టె అడుగున దాచిన పట్టుచీర తీరు.
తూటాను ఆపేది ఇదేనా అని
మెల్లగ వేలు పెట్టిన.
పై పొరలు గోధుమరంగు తిరిగినయి.
మడత కాడ పోగు
పోగులెక్క లేదు, పొట్టులెక్క రాలుతుంది.

ఎవలు కాల్చలే దీన్ని.
వ్యాను మీద ఆరేసినప్పుడు ఎండ కాల్చింది.
మన్ననూరు దాటినంక అడివిల వాన నానబెట్టింది.
తడి తడిదాన్నే మడిచి బీరువల కుక్కినరు.
బందోబస్తు రాత్రిళ్లు
ఎవడో తలకింద పెట్టుకొని పండుకున్నడు,
నూనె మరక ఇంక పోలే.
తొడుక్కున్నోని పానం కాయాల్సింది
తొడుక్కున్నోని చెమటకే పాణం ఇడిసింది.

ముందటి పలకను
కుండ బేరం చేసినట్టు
వేలు మడిచి కొట్టి, చెవి పెట్టి విన్న.
ఖంగుమనలే.
పైన చిన్న గీత గూడ లేదు,
లోపట ఎప్పుడో పగిలింది.

మా చిన్నమ్మ యాదికొచ్చింది.
మర్రిగూడ దిక్కు బోరునీళ్లు తాగి తాగి
ఆమె బొక్కలు బిగుసుకపోయినయి.
పక్కకు చూడాలంటే మనిషి మనిషే తిరగాలె.
నీళ్లు మనిషిని రాయి చేసిన ఈ జాగల
రాయి అనుకొని తొడుక్కున్నదేమో
నీళ్లకు పొట్టయితుంది.

జానయ్యను అడిగిన.
లేబులు మీద నంబరుంది,
తారీకు చెమటకు పోయింది.
ఆయన చాయ గ్లాసులకే చూసుకుంట
"మూడుపార్లు రాసిన అక్కా పైకి.
కొత్తయి వచ్చేదాక ఇవ్వే" అన్నడు.
దొంగమొకం కాదు ఆయనది. అలిసిన మొకం.
"కవరైతే గట్టిగ కనపడాలె. సోమవారం తనిఖీ."

కుట్టిన.
కొత్త ఖాకీ బట్ట, రెండు వరుసల కుట్టు,
జాకెట్టుకు ఎనభై రూపాయలు.
దూరంకెల్లి చూస్తే నిన్న పుట్టినట్టుంది.

కాని ఎడమ చంకల,
తొడుక్కునేటప్పుడు వేళ్లకు తాకే కాడ
ఎర్రదారం మూడు పోగులు పోసి ముడేసిన.
పడుగు తెగిన కాడ, పొద్దుగూకి మగ్గం దిగేటప్పుడు
మా నాయిన పెట్టే ముడి అది.
తెల్లారి కూసునేటోనికి ఎరుక కావాలని.
ఇక్కడ తెగింది, పైలం, అని.

కాపలా కాసేటోళ్లల్ల
సాలోల్ల ముడి చదివేటోడు ఎవడుంటడు?
అది అప్పుడు సోంచాయించలే నేను.

మొన్న సంచి మళ్ల వచ్చింది.
అన్నిటికంటె అడుగున అదే.
ఎర్రముడి ఊడలే. నలిగి, నల్లబడి ఉంది.
దాని పక్కపొంటి, తెల్లగ,
ఇంకా తడి ఆరని
ఎనిమిదో గీత.